వదులు చెయ్యని కుట్టు

కుట్టు గది, మధ్యాహ్నం రెండు గంటలు
ఫిబ్రవరి 6

హారన్ మరదలికి,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని ముక్కు మీద వేలేసుకుంటావని తెలుసు. ఫోన్లో చెబుదామంటే ఇక్కడ ఒక పక్క మిషను మోత, ఇంకో పక్క కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళు, మధ్యలో మీ అన్నయ్య చెవులు. ఆయన పేపరు చదువుతున్నట్టే ఉంటాడు, ఒక్క మాట వదలడు. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. ఫోను చేసి అరిచావంటే వీధి చివరి దాకా వినిపిస్తుంది. మీ అన్నయ్య నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ముందు మంచి సంగతి. జూన్‌లో నీ డ్రైవింగ్ స్కూలుకి పదేళ్ళు నిండుతున్నాయి కదా. ఆ రోజు వేసుకోవడానికి నీకో కోటు కుడుతున్నాను. ముదురు నీలం బట్ట, లోపల బూడిద రంగు అస్తరు, ఆరు గుండీలు. బట్ట తెచ్చేశాను కాబట్టి వద్దనడానికి లేదు. నీ కొలతలు పంపు. నా కొలతల పుస్తకంలో నీ పేజీలో ఉన్నవి నాలుగేళ్ళ కిందటివి.

ఇక రెండో సంగతి. నా పాంటు నడుము దగ్గర బిగుస్తోందని నిన్న కుట్టు విప్పడానికి కూర్చున్నాను. విప్పుతుంటే అక్కడ అంతకుముందే ఒకసారి విప్పి కుట్టిన దారం కనిపించింది. డిసెంబరులో నేనే వదులు చేసుకున్నాను, మరిచిపోయాను. రెండు నెలల్లో రెండోసారి. ఎడమ పక్క, పొత్తికడుపులో, ఏదో బరువు కూడా ఉంది.

వెంటనే లేచి పుస్తకంలో అమ్మ పేజీ తీశాను. మీ అమ్మని నేను ఒక్కరోజు కూడా అత్తయ్యా అని పిలవలేదు కదా. రెండో ఏటే కన్నతల్లిని పోగొట్టుకున్న దాన్ని, ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆవిడని అమ్మా అన్నాను, ఆవిడ పలికింది. ఆ పేజీలో నడుము దగ్గర పాత కొలత కింద మూడు కొత్త అంకెలున్నాయి. ముప్ఫై నాలుగు, దాని కింద ముప్ఫై ఆరు, దాని కింద ముప్ఫై ఎనిమిదిన్నర. ఏడు నెలల్లో మూడుసార్లు ఆవిడ గౌన్లు వదులు చేశాను. గ్యాసు అంటే గ్యాసే అనుకున్నాను. చేతిలో టేపు పట్టుకుని ఉండి కూడా ఎందుకు పెరుగుతోందని ఒక్కసారి అడగలేదు. చివరికి తీసుకెళ్ళేసరికి అండాశయంలో క్యాన్సర్ అన్నారు, ముదిరిపోయిందన్నారు. పదకొండేళ్ళయింది.

ఆవిడ మిషను నాకొచ్చింది, కత్తెర నాకొచ్చింది. ఇది కూడా నాకే ఇచ్చి పోయిందేమో. చాలా భయంగా ఉంది. మీ అన్నయ్యకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

కొలతలు మరిచిపోకు.

వదిన


డ్రైవింగ్ స్కూలు కారు, పక్క సీటు
ఫిబ్రవరి 11

వదినా,

పెట్రోలు బంకులో కారాపి రాస్తున్నాను. నా కొత్త శిష్యురాలు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు, అరవై ఒకటో ఏట కారు నేర్చుకుంటున్నారు. రివర్సు చెయ్యమంటే ముందు కారుని మందలిస్తారు, తర్వాత గేరు వేస్తారు. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పారు. తన చేతిలో తప్పిన పిల్లల బాధ ఇప్పుడు తెలుస్తోందంటారు. ఆవిడ టైర్లకి గాలి కొట్టిస్తుంటే నాకు పది నిమిషాలు దొరికాయి. ఈ మధ్య నా పాఠాలన్నీ బంకుల మీదుగానే నడుస్తున్నాయిలే, గంటకోసారి బాత్రూముకి పరుగెత్తకపోతే కుదరడం లేదు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాననుకుంటా.

నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత మళ్ళీ ఒళ్ళు మండింది. భయంగా ఉందని నాకు రాస్తే నేనేం చేస్తాను? డాక్టరు దగ్గరికి వెళ్ళు. రేపూ ఎల్లుండీ కాదు, ఈ కాగితం మడిచి పెట్టి చెప్పులు వేసుకో. అద్దంలో వెనక బండి కనిపిస్తుంటే కళ్ళు మూసుకునే వాళ్ళకి నా దగ్గర లైసెన్సు రాదు.

అమ్మ పేజీ గురించి మాత్రం నువ్వు అలా అనుకోవద్దు. నేను ఆవిడ కడుపున పుట్టిన దాన్ని. నెలకోసారి వచ్చి, ఆవిడ వండింది తిని, పడుకుని లేచి వెళ్ళిపోయేదాన్ని. నేనేం కనిపెట్టాను? నువ్వు టేపైనా పెట్టావు.

నా సంగతి నీకు బెంగ అక్కర్లేదు. పోయినేడాది ఆడవాళ్ళ వైద్య శిబిరంలో క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నాను. అంతా బాగుందని చీటీ ఇచ్చారు, పర్సులోనే ఉంది. పది నిమిషాల పని, నువ్వే అనవసరంగా కొండంత చేసుకుంటున్నావు.

కోటుకి పాత కొలతలే వాడు. నేనేం మారలేదు. మధ్యాహ్నం డబ్బా సగం తినేసరికే కడుపు నిండిపోతోంది, మిగతాది హెడ్‌మిస్ట్రెస్ గారికి పెడుతున్నాను. సన్నబడే ఉంటాను.

ఆవిడ కారుని తిట్టడం మొదలుపెట్టారు. ఉంటాను.

నీ మరదలు


కుట్టు గది, తలుపు గడియ పెట్టి
ఫిబ్రవరి 22

మరదలా,

వెళ్ళాను. అక్కడ ఒక ఫారం ఇచ్చారు. వయసు నలభై ఆరు అని రాశాను, బరువు రెండు కిలోలు తగ్గించి రాశాను. మీ కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని ఉంది, కింద తల్లి, అక్కాచెల్లెళ్ళు, పిన్నమ్మలు అని గళ్ళు. తల్లి గడిలో టిక్కు పెట్టి, పక్కన అండాశయం అని రాశాను. అది చూడగానే నర్సు మొహం మారిపోయింది. రక్తపరీక్ష అన్న మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, అప్పటికప్పుడు స్కానుకి పంపింది. క్యాన్సర్ రక్తపరీక్ష సంగతి డాక్టరమ్మ చూస్తారంది.

స్కానుకి ముందు జగ్గుడు నీళ్ళు తాగి ఆపుకుని కూర్చోవాలట. బెంచీ మీద ఎనిమిదిమందిమి ఉన్నాం. ఎవరూ ఎవరినీ నవ్వించకూడదని ఒప్పందం చేసుకున్నాం. చివర కూర్చున్నావిడ చేతిలోంచి గొడుగు జారి ఠప్పున పడింది, బెంచీ మొత్తం హడలిపోయింది. ఆ తర్వాత ఇద్దరు మళ్ళీ మొదటినుంచి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

రిపోర్టు చేతికిచ్చారు. డాక్టరమ్మ సెలవు మీద వెళ్ళారు, మార్చి అయిదుకి గానీ రారు. చదవకూడదని గట్టిగా అనుకుని, బస్సెక్కగానే చదివాను. ఎడమ అండాశయంలో తిత్తి ఉందట. పక్కన 6.2 అని ఉంది.

ఇంటికి రాగానే టేపు తీసి ఆరు దాటి కాస్త ముందుకు వేలు పెట్టాను. ఎంతుందో కళ్ళతో చూడకపోతే మనసు నిలవదని, నీ కోటు అస్తరు ముక్కలతో సరిగ్గా ఆ కొలతకి గుండ్రంగా కుట్టి, దూది కూరి, ఒక బంతి చేశాను. చూశాక ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. ఇంత బంతి నాకు తెలియకుండా నా కడుపులో ఎక్కడ దాక్కుంది మరదలా?

మీ అన్నయ్య వచ్చి అదేమిటన్నాడు. సూదులు గుచ్చుకునే దిండు అన్నాను. ఊళ్ళో సూదులన్నీ గుచ్చినా ఇంకా చోటుంటుందని వెళ్ళిపోయాడు.

యూనిఫాం చొక్కా ఒకదానికి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. మార్చి అయిదు దాకా ఎలా నెట్టుకురావాలో చెప్పు. చేతిలో పనుంటే బుర్ర కాస్త ఊరుకుంటుందని నీ కోటు కత్తిరించాను. పాత కొలతలే అన్నావు కదా, అవే పెట్టాను.

వదిన


స్కూలు ఆఫీసు, తాళం వేసే ముందు
ఫిబ్రవరి 26

వదినా,

టేపు తిరగెయ్యి.

మిగతాది తర్వాత చదువుదువు గానీ, ముందు టేపు తిరగెయ్యి. వెనక వైపు చిన్న చిన్న గీతలుంటాయి. ముప్ఫై ఏళ్ళుగా నువ్వు వాటి మొహం చూసిన పాపాన పోలేదు. అవి సెంటీమీటర్లు. డాక్టర్లు వాటితోనే కొలుస్తారు. ఆరు సెంటీమీటర్లంటే రెండున్నర అంగుళాలు, అంతే. నువ్వు కుట్టిన ఆ బంతి లోపల అలాంటివి డజను దాకా పడతాయి.

నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అందులో కొన్ని నవ్వువి కావు. పేరు చెప్పకుండా హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పాను. కొలతల పాఠం అయిదో తరగతిలో ఉంటుంది, ఆ రోజు ఆ అమ్మాయి బడికి ఎందుకు రాలేదో కనుక్కోమన్నారు.

నవ్వులాట అలా ఉంచు. రెండున్నరైనా డాక్టరమ్మ చెప్పేదాకా లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయిదో తారీఖు పొద్దున్నే అక్కడ ఉండాలి. చేతి మీద పని ఉందనీ, ఎవరికో పెళ్ళి బట్టలు అర్జెంటనీ నాకు కథలు చెప్పకు.

అన్నట్టు, కోటు నడుము దగ్గర కాస్త ఉదారంగా కత్తిరించావా? ఊరికే అడిగాను. రోజంతా కూర్చునే పని కదా నాది.

మరదలు


కుట్టు గది, కిటికీ పక్కన
మార్చి 6

బంగారు మరదలికి,

కూర్చుని చదువు. పడుకుని చదివితే నవ్వుకి పొలమారుతుంది.

డాక్టరమ్మ పెద్ద కళ్ళజోడు, చిన్న గొంతు. నా ఫారం ముందు పెట్టుకుని, మీ అమ్మగారికి ఏ వయసులో వచ్చిందన్నారు. అరవై రెండన్నాను. ఆవిడ తల్లికి కూడా ఏమైనా ఉండేదా అన్నారు. మా ఆయన అమ్మమ్మ సంగతి నాకు తెలియదండీ, ఆయన్ని అడిగి చెబుతానన్నాను. డాక్టరమ్మ పెన్ను ఆగింది. మీ అమ్మమ్మ గురించి అడిగితే మీ ఆయన అమ్మమ్మ ఎందుకొచ్చిందన్నారు.

"ఈ ఫారంలో రాసింది మీ అత్తగారి గురించా?"

"అమ్మేనండీ," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. పెళ్ళికి ముందు మీకూ వాళ్ళకీ రక్తసంబంధం ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను, ఆవిడ మిషనూ కత్తెరా మాత్రం నాకే వచ్చాయన్నాను. "అత్తగారి నుంచి కుట్టుమిషను వస్తుంది, కత్తెర వస్తుంది, ఈ జబ్బు రాదమ్మా," అన్నారు. మరదలా, ఆవిడ ఆ మాట అన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఎందుకో చిన్నబుచ్చుకున్నాను కూడా. అమ్మకీ నాకూ మధ్య ఏమీ లేదన్నట్టు అనిపించింది. ఆవిడ అది కనిపెట్టారేమో, కోడలు తల్లి గడిలో టిక్కు పెట్టడం తన సర్వీసులో మొదటిసారి చూస్తున్నానని నవ్వారు.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అండాశయంలో నెలనెలా ఒక చిన్న నీటి బుడగ తయారై, పగిలి, అందులోంచి అండం బయటికొస్తుందట. ఒక్కోసారి ఆ బుడగ పగలడం మానేసి నీరు పట్టి కూర్చుంటుంది. నాది అలాంటిదే. పలచటి గోడ, లోపల ఉత్త నీరు, గడ్డలూ అడ్డుపొరలూ ఏమీ లేవు. నెలసరి ఇంకా వస్తున్న వాళ్ళకి ఇలాంటివి చాలావరకు వాటంతట అవే పోతాయట. మూడు నెలలాగి మళ్ళీ స్కాన్ చేద్దామన్నారు. ఈలోగా ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం ఆగకుండా రమ్మన్నారు.

క్యాన్సర్ రక్తపరీక్ష మీది ఎర్ర గీత కొట్టేశారు. చేయించేస్తే ఒక పని అయిపోతుంది కదండీ అన్నాను. అలా కాదట. ఏ కారణమూ లేని వాళ్ళకి ఆ పరీక్ష చేస్తే మేలు కంటే బెంబేలే ఎక్కువట. నెలసరికీ ఆ అంకె పెరుగుతుంది, చిన్న వాపుకీ పెరుగుతుంది, ఆ భయంతో అక్కర్లేని ఆపరేషన్ల దాకా వెళ్ళిన వాళ్ళున్నారట. పాంటు బిగుతు సంగతి అడిగితే బరువు తూచే మిషను ఎక్కించారు. నేను ఫారంలో తగ్గించిన రెండు కిలోలూ అక్కడ దొరికాయి, వాటితో పాటు ఇంకో రెండు.

లేచి వస్తుంటే వెనక్కి పిలిచారు. "ఆ అత్తగారికి కూతుళ్ళున్నారా?" అన్నారు.

ఉందన్నాను. ఒక్కర్తే అన్నాను. అక్కడితో నా నవ్వు ఆగింది. ఆ తల్లి గడి ఆ అమ్మాయిది, ఆ అమ్మాయిని ఒకసారి డాక్టరుకి కనిపించమనండి అన్నారు.

అందుకని అడుగుతున్నాను. ఎప్పుడు వెళ్తావు? కోటు పూర్తయింది, ఈ రోజే పార్సిల్ వేస్తున్నాను.

వదిన


స్కూలు ఆఫీసు
మార్చి 14

వదినా,

నీ కబురు విని గుండె మీది బరువు దిగింది. చాలా సంతోషం.

నా పరీక్ష అయిపోయిందని చెప్పాను కదా. నమ్మవని చీటీ నకలు ఇందులో పెట్టాను. అంతా సరిగ్గా ఉందని ఎంత స్పష్టంగా రాశారో చూసుకో. మీ డాక్టరమ్మకి కూడా చూపించు.

కోటు చాలా బాగుంది. నాలుగో గుండీ, అయిదో గుండీ పడటం లేదు. తిరిగి పంపిస్తున్నాను, నడుము దగ్గర కాస్త వదులు చెయ్యి. బట్ట కుంచించుకుపోయి ఉంటుంది. ప్రశ్నలేమీ వద్దు, నాకు ఇక్కడ ఊపిరాడని పని.

మరదలు


కుట్టు గది, మిషను ఆపి
మార్చి 22

మరదలికి,

నీ కోటు బల్ల మీద ఉంది. కత్తెర పక్కన పెట్టాను. నేను వదులు చెయ్యను.

బట్ట కుంచించుకుపోలేదు. కత్తిరించే ముందు నేనే రెండుసార్లు తడిపి ఆరేశాను, ఇరవై ఎనిమిదేళ్ళుగా తడపకుండా ఏదీ కత్తిరించలేదు. భుజాలు సరిపోయాయి, చేతులు సరిపోయాయి, ఒక్క నడుమే కుంచించుకుపోయిందా?

నీ చీటీ డాక్టరమ్మకి చూపించాను. అది మంచి పరీక్షేనన్నారు, చేయించుకున్నందుకు మెచ్చుకున్నారు కూడా. కానీ అది గర్భసంచి ముఖద్వారానికి చేసే పరీక్ష. అండాశయాల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. బ్రేకు చూసి ఇంజను బాగుందని సంతకం పెడితే నువ్వు ఊరుకుంటావా?

అండాశయంలో తేడా ఉంటే ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. పొట్ట ఉబ్బరంగా ఉండటం, కాస్త తినగానే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళాల్సి రావడం, పొత్తికడుపులో నొప్పి అన్నారు. ఇవి అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉంటాయి, చాలాసార్లు వేరే చిన్న కారణమే ఉంటుంది, కానీ వారాల తరబడి వదలకపోతే మాత్రం చూపించుకోవాలి అన్నారు. ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను. పెట్రోలు బంకులున్నాయి. సగం డబ్బా ఉంది. కొలతలు పంపమంటే మొహం చాటేయడం ఉంది. ఇప్పుడు కోటు ఉంది. నాకు నా బంతి గోలలో ఏదీ కనిపించలేదు. నన్ను చెప్పులు వేసుకోమని తరిమిన దానివి, నీ చెప్పులు ఎక్కడ పెట్టుకున్నావు?

నీకు కోపం వస్తే రానీ. నాతో మాట్లాడటం మానేస్తే మానెయ్యి. అమ్మకి మూడుసార్లు వదులు చేశాను. ఎందుకమ్మా అని అడగకుండా, దారం తెంపి, ఇస్త్రీ చేసి, నవ్వుతూ చేతికిచ్చాను. నీకు అలా ఇవ్వను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన కాగితం పంపిన రోజు ఈ కుట్టు విప్పుతాను. అప్పటిదాకా జూన్‌లో పాత కోటు వేసుకో, లేదా గుండీలు పెట్టుకోకుండా తిరుగు.

ఎందుకు పెరిగింది మరదలా నీ నడుము? అడుగుతున్నాను. జవాబు చెప్పు.

వదిన


ఇంట్లో, మంచం మీద, కాళ్ళు చాపుకుని
ఏప్రిల్ 9

వదినా,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు నీ మీద అలిగాను. అయిదో రోజు అలకలో పస అయిపోయింది. అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

జనవరి నుంచీ తెలుసు వదినా. బెల్టు రెండు బెజ్జాలు జరిగింది. మా ఆయనకి కూడా చెప్పలేదు. రోడ్డు మీద లారీలకి కూడా బెదరని దాన్ని, ఆ స్కాన్ బల్ల తలుచుకుని ఆసుపత్రి వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. అమ్మని స్కానుకి తీసుకెళ్ళింది నేనే కదా. అక్కడి అమ్మాయి అప్పటిదాకా అమ్మతో కబుర్లు చెబుతూ చెబుతూ ఒక చోట ఆగిపోయింది. ఇక మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నా చెవుల్లో ఉండిపోయింది. తెలుసుకోకపోతే ఆ నిశ్శబ్దం నా దాకా రాదనుకున్నాను. అందుకే ఆ చీటీని తాయెత్తులా పర్సులో పెట్టుకు తిరిగాను.

వెళ్ళే రోజు కారు తీయబోయి రెండుసార్లు ఇంజను ఆపేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు పక్కకి జరగమని చెప్పి తనే నడిపారు. ఆసుపత్రి ముందు రెండు వ్యాన్ల మధ్య మనిషి నడిచేంత చోటుంది. ఒక్కసారిగా రివర్సులో పెట్టేశారు. గీత కూడా పడలేదు. నోరు తెరిచి చూశాను. "ఈ రోజు నువ్వు మాట్లాడకుండా కూర్చున్నావు, అందుకే వచ్చింది," అన్నారు.

స్కాన్ మొదలైంది. ఆ అమ్మాయి సరదాగా మాట్లాడుతోంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుని, అయిపోయింది అనుకున్నాను. తీరా చూస్తే ఆ అమ్మాయి తుమ్ము ఆపుకుంటోంది. తుమ్మాక క్షమించమని మళ్ళీ మొదలుపెట్టింది. నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపలేక, ఆ బల్ల మీదే ఏడ్చేశాను. ఆ అమ్మాయి కాసేపు నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. అండాశయాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. పొట్టలో ఉన్నది గర్భసంచి గోడలో పెరిగిన ఫైబ్రాయిడ్ అనే గడ్డ, నారింజకాయంత. క్యాన్సర్ కాదు. ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుందట, చాలామందికి ఉన్నట్టే తెలియదట. నాది పెద్దదై మూత్రాశయం మీద కూర్చుంది, అందుకే నాకు పెట్రోలు బంకులతో అంత స్నేహం. ముందు మందులతో చూస్తారు, తగ్గకపోతే తీసేస్తారు.

తల్లి గడిలో ఈసారి నేను టిక్కు పెట్టాను. అది చూసి, అమ్మ నుంచి రాగల జన్యు మార్పు ఏదైనా నాలో ఉందేమో చూడటానికి వేరే రక్తపరీక్ష రాశారు. రక్తం తీసే ముందు ఒకావిడ ముప్పావుగంట కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పింది. ఫలితానికి ఆరు వారాలు పడుతుంది. భయం ఉంది. కానీ జనవరి నుంచి మోసిన భయం కంటే ఇది తేలిక. దీని పేరు నాకు తెలుసు, తేదీ తెలుసు.

కాగితం నకలు ఇందులో ఉంది. కుట్టు విప్పు.

హారన్


కుట్టు గది, కిటికీలు అన్నీ తెరిచి
మే 22

మరదలా,

నిన్న నా మూడు నెలల స్కాన్ అయింది. తిత్తి లేదు. ఎంత వెతికినా లేదు. చెప్పాపెట్టకుండా వచ్చినట్టే చెప్పాపెట్టకుండా పోయింది. డాక్టరమ్మ చేతికి ఒక పొట్లం ఇచ్చాను. లోపల సరిగ్గా ఆరు సెంటీమీటర్లు కుట్టిన సూదుల దిండు ఉంది. ఈసారి కొలత సరిపోయిందని మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకి మొత్తం చెప్పేశాను. విన్నాడు, పేపరు మడిచాడు, తనకి ఫిబ్రవరి నుంచే తెలుసన్నాడు. బంతి చూసిన రోజే కత్తెర కింద రిపోర్టు కూడా చూశాడట. నేను చెప్పేదాకా అడగకూడదని ఊరుకున్నాడట. ఈ మూడు నెలలూ బట్టల మూటలన్నీ తనే ఎందుకు మోస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇంకో సంగతి విను. ఆయన కూడా ఆ 6.2 అంగుళాలే అనుకున్నాడు. నాకైతే టేపు తిరగెయ్యమని చెప్పడానికి నువ్వున్నావు, పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు. అంత పెద్ద బంతిని మూడు నెలలు ఒక్కడే మనసులో పెట్టుకు తిరిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియక మళ్ళీ పెళ్ళైనంత సిగ్గుపడ్డాను.

నీ కోటు కుట్టు విప్పాను. పక్కలకి ముక్కలు కత్తిరించి పెట్టాను. ఎంత వదులు చెయ్యాలో తెలియాలంటే కొలతలు కావాలి. అసలువి పంపు. ఈసారి పాతవి వాడమంటే ఆ కోటు మీ హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇచ్చేస్తాను.

రక్తపరీక్ష కబురు రాగానే అర్ధరాత్రైనా సరే ఫోను చెయ్యి. అరిచినా ఫరవాలేదు.

వదిన


డ్రైవింగ్ స్కూలు కారు, వెనక సీటు
మే 30

వదినా,

నిన్న ఫోన్లో నా అరుపు విన్నావు కాబట్టి కొత్తగా చెప్పడానికేం లేదు. అయినా కాగితం మీద ఉండాలి, అందుకని రాస్తున్నాను. వెతికిన మార్పులేవీ నాలో లేవు. అలాగని ఎప్పటికీ ఏదీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఒంట్లో ఏదైనా కొత్తగా మొదలై రెండు మూడు వారాలు దాటితే చీటీలు చూసుకుంటూ కూర్చోకుండా రమ్మన్నారు. సరేనన్నాను, ఈసారి నిజంగానే అన్నాను.

మందులతో బంకుల బాధ కాస్త తగ్గింది. డబ్బా ముప్పావు వంతు తింటున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారు వాటా తగ్గిందని అలిగారు. అన్నట్టు, ఆవిడ పరీక్ష నెగ్గారు. పరీక్షాధికారి చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడట, ఆవిడకంటే అతనికే ఎక్కువ చెమటలు పట్టాయి. నేను వెనక సీట్లో కూర్చుని రాస్తుంటే ఆవిడ దర్జాగా నడుపుతున్నారు.

కొలతలు తీసుకో. మా ఆయన చేత టేపు పట్టించాను, ఊపిరి బిగబట్టలేదు, పొట్ట లోపలికి లాగలేదు. ఛాతీ తొంభై ఎనిమిది. నడుము తొంభై ఆరు. చేతి పొడవు యాభై ఏడు.

మూర్ఛపోకు. టేపు తిరగేసి చదువు.

మరదలు


కుట్టు గది, పార్సిల్ కట్టే ముందు
జూన్ 3

హారన్‌కి,

కోటు పంపుతున్నాను. ఆరు గుండీలూ పడతాయి. పడ్డాక మీ ఆయన చేత ఒక ఫొటో తీయించి పంపు, మీ అన్నయ్య గోడకి పెడతానంటున్నాడు.

నీ కొలతలు పుస్తకంలో ఎక్కించాను. నడుము దగ్గర ముప్ఫై నాలుగు కింద ముప్ఫై ఎనిమిది అని రాశాను. రాస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అమ్మ పేజీలో కూడా ఇంచుమించు ఇదే అంకె ఉంది, పక్కన మాత్రం ఏమీ లేదు. నీ పేజీలో ఆ అంకె పక్కన చిన్న అక్షరాలతో ‘అడిగాను’ అని రాసుకున్నాను.

కోటు రెండు పక్కలా లోపల అంగుళం బట్ట అదనంగా వదిలాను. మళ్ళీ వదులు చెయ్యాల్సి వస్తే పనికొస్తుంది. అప్పుడు కూడా అడుగుతాను.

వదిన